ముంజేయి విరిగితే కట్టు చాలదా?

“ఎముకే కదా సార్, కట్టు కడితే అదే అతుక్కుంటుంది. ఆపరేషన్ ఎందుకు?” నిన్న ఓపీలో మళ్లీ అదే ప్రశ్న. చాలాసార్లు అతుక్కుంటుంది, నిజమే. ఎలా అతుక్కుంటుందో ఎవరూ అడగరు.

మోచేతిని నడుముకు ఆనించి అరచేతిని పైకీ కిందికీ తిప్పి చూడండి. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి: చిటికెన వేలి వైపు అల్నా, బొటనవేలి వైపు రేడియస్. ఇప్పుడు అల్నా చుట్టూ రేడియస్ తిరుగుతోంది. రేడియస్‌కు విల్లులాంటి వంపు ఉంటుంది. ఆ వంపు పోయినా, ముక్కలు మెలితిరిగి అతుక్కున్నా చెయ్యి సరిగా తిరగదు. కట్టు లోపల కూడా కండరాలు ముక్కల్ని లాగుతూనే ఉంటాయి. అందుకే పెద్దవాళ్లలో రెండు ఎముకలూ విరిగి పక్కకు జరిగితే ప్లేటు, స్క్రూలు వేయమంటాం. “మా బాబుకు కట్టుతోనే తగ్గింది” అంటారు. పిల్లల ఎముక ఎదుగుతూ వంకరను చాలావరకు తనే సరిచేసుకుంటుంది. పెద్దవాళ్ల ఎముక అలా సరిచేసుకోదు.

ఎలక్ట్రికల్ పని చేసే ఒకాయన కట్టు విప్పించుకున్న మూడు నెలలకు నా దగ్గరికి వచ్చాడు. ఎక్స్‌రేలో ఎముక అతికింది. అరచేయి మాత్రం పైకి తిరగదు, స్క్రూడ్రైవర్ తిప్పలేడు. అతికిన ఎముకను మళ్లీ కోసి, వంపు సరిచేసి ప్లేట్లు వేశాం. మొదట్లోనే చేసి ఉంటే ఇంత కష్టపడాల్సింది కాదు. తిప్పడం చాలావరకు వచ్చింది, పూర్తిగా రాలేదు. ఆ రోజు ఆయన ముఖం నాకింకా గుర్తుంది.

అలాగని అందరికీ కోత పెట్టం. అల్నా ఒక్కటే విరిగి పెద్దగా జరగకపోతే బ్రేస్ (చేతికి బిగించే ఆధారపు పట్టీ) చాలు.

“ప్లేటు బదులు ఎముక లోపల రాడ్ వేస్తే చిన్న కోతతో పోతుంది కదా?” పోతుంది. కానీ మెలితిరగకుండా పట్టి ఉంచడంలో, వంపు నిలపడంలో పెద్దవాళ్లకు ప్లేటే మేలు. చర్మం, కండ బాగా చితికిపోతే ముందు బయటి నుంచి ఫిక్సేటర్ (ఎముకను పట్టి ఉంచే కడ్డీల చట్రం) బిగించాల్సి రావచ్చు. ప్లేటు లోపల తుప్పు పట్టదు. ఇబ్బంది లేకపోతే తీయించక్కర్లేదు. తొందరపడి తీయిస్తే ఎముక మళ్లీ విరగొచ్చు, నరానికి దెబ్బ తగలొచ్చు.

మత్తంటే భయపడేవాళ్లకు ఒక మాట: చాలామందికి చెయ్యి మాత్రమే మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇచ్చి చేయొచ్చు. అడగడానికి మొహమాటపడకండి.

కట్టు వేసుకున్నా, ఆపరేషన్ అయినా, మందులకు లొంగకుండా నొప్పి పెరుగుతూ, వేళ్లు చాపితే ప్రాణం పోయినట్టు ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. లోపల ఒత్తిడి పెరిగి కండరాలు చచ్చిపోవడానికి కొన్ని గంటలు చాలు. రాత్రి రెండైనా సరే, ఎమర్జెన్సీకి వచ్చేయండి.