ఏ వరస టిక్కు పెట్టినా ఇరవయ్యే!

స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బుకి కంప్యూటర్ మీద చికిత్స ఉందటగా, అది రోగులకు నచ్చిందో లేదో ఎలా తెలుస్తుందని ఒక పాఠకుడు అడిగారు.

ఈ జబ్బులో, ఎవరూ లేకున్నా చెవిలో వినిపించే గొంతులు మందులతో తగ్గినా, ఏకాగ్రత, జ్ఞాపకశక్తి అంతగా బాగుపడవు. లండన్ కింగ్స్ కాలేజీలో టిల్ వైక్స్, క్లేర్ రీడర్ బృందం చేసిన ‘సర్క్యూట్స్’ ప్రోగ్రాం వాటికోసమే. తెర మీద అభ్యాసాలుంటాయి, తోడుగా థెరపిస్టు ఉంటారు. అభ్యాసం మొదలుపెట్టేముందే అదెంత కష్టమో రోగి అంచనా వేసుకోవాలి. తన ఆలోచన తీరును తానే గమనించుకోవడం ఇందులో కీలకం.

ఇక నచ్చిందా లేదా అన్నది. మానసిక వైద్యసేవల్లో 1979 నుంచీ వాడుకలో ఉన్న, సేవ పొందినవాళ్ల తృప్తిని కొలిచే ప్రశ్నపత్రం సీఎస్‌క్యూ-8. ఎనిమిది ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, అస్సలు నచ్చలేదంటే 1 మార్కు, బాగా నచ్చిందంటే 4. కనిష్ఠం 8, గరిష్ఠం 32. తమాషా ఏమిటంటే, నాలుగు ప్రశ్నలకు మొదటి గడిలో ‘చాలా బాగుంది’ లాంటి జవాబుంటే, మిగతా నాలుగింటికి అక్కడ ‘లేదు’ లాంటిది ఉంటుంది.

చదవకుండా అన్నిటికీ మొదటి గడిలోనే టిక్కు పెట్టారనుకోండి. 4, 1, 4, 1, 1, 4, 4, 1. మొత్తం 20. అన్నిటికీ రెండో గడిలో, అంటే రెండో వరసలో పెడితే? 3, 2, 3, 2, 2, 3, 3, 2. మళ్లీ 20! మూడు, నాలుగు వరసలూ అంతే. 8కీ 32కీ సరిగ్గా నడుమ. కాబట్టి 20 అంటే ‘ఏదో ఫరవాలేదు’ కావచ్చు, అసలు చదవకపోవడమూ కావచ్చు. విడి జవాబులు చూస్తేనే బండారం బయటపడుతుంది: సేవ అద్భుతం, మళ్లీ మాత్రం రాను! ఏకాగ్రత కుదరని జబ్బులో ఇలా జరగడానికి ఆస్కారం ఇంకా ఎక్కువ కావచ్చు. అయినా సగటు ఒక్కటి వేసి ఊరుకుంటే ఎలా?

ఇంకో చిక్కు, పెళ్లిభోజనం ఎలా ఉందని చేయి కడుక్కుని వచ్చినవాళ్లనే అడగడం. విస్తరి ముందునుంచి లేచిపోయినవాడి మాట లెక్కలోకి రాదు. అలాగే చికిత్స మధ్యలో మానేసినవాళ్లను వెతికి అడగాలి. ఎవరు ఎన్ని సెషన్లు చేశారో కంప్యూటర్ లాగ్‌లో ఎలాగూ ఉంటుంది.

ఈ చికిత్స నడిపించే సిబ్బందినీ అడగాలి, కానీ వాళ్లను అడగాల్సినవి వేరు: శిక్షణ సరిపోయిందా, ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతోందా, వార్డు పనుల మధ్య వేళ దొరుకుతోందా. ఆ మార్కుల్నీ రోగుల మార్కుల్నీ కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఎవరి తృప్తినీ చెప్పదు.