రైల్‌గన్ ట్యాంకుకు కరెంటు ఎక్కడిది?

"సార్, బ్యాటిల్‌ఫీల్డ్ 2042లో రైల్‌గన్ ట్యాంకు ఉంది కదా, అలాంటిది మన ఓర్వకల్లు రేంజిలో ఎప్పుడు టెస్ట్ చేస్తారు?" కర్నూలులో ఇంటర్ చదివే ఒక అబ్బాయి పంపిన ప్రశ్న ఇది. ఓర్వకల్లు దగ్గర డీఆర్‌డీఓ వాళ్ల నేషనల్ ఓపెన్ ఏరియా రేంజ్ ఉంది. 2025 ఏప్రిల్‌లో అక్కడ 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్‌ను కూల్చి చూపించారు. ఆ వార్త చూసినప్పటి నుంచి మా జిల్లా పిల్లలకు ఆటల్లో కనిపించే ప్రతి ఆయుధమూ రేపోమాపో నన్నూరు టోల్‌గేటు దాటి వచ్చేస్తుందని ఆశ.

ముందు ఆ ట్యాంకు సంగతి. బ్యాటిల్‌ఫీల్డ్ 2042 అనే వీడియో గేమ్‌లోకి 2022 చివర్లో వచ్చిన దాని పేరు ఈఎంకేవీ90-టార్. దాని ఫిరంగి మందుగుండుతో పేలదు, కరెంటుతో పనిచేస్తుంది. దానికి రెండు మోడ్‌లు. ఒక మోడ్‌లో చురుగ్గా పరుగెత్తుతుంది. రెండోది సీజ్ మోడ్. అందులోకి మారితే బండి నెమ్మదిస్తుంది, ఫిరంగికి బలం వస్తుంది. ఆడేవాళ్లు దీన్ని ఆట సమతూకం కోసం పెట్టిన షరతు అనుకుని విసుక్కుంటారు. నాకు మాత్రం ఆ ఆట మొత్తంలో అసలైన భౌతికశాస్త్రం అక్కడే కనిపించింది. మిగతా సంగతుల్లో ఆ ట్యాంకు ఎంత అబద్ధమో, ఈ ఒక్క విషయంలో అంత నిజం.

రైల్‌గన్ నిర్మాణం గురించి ఎక్కువ చెప్పను, యూట్యూబ్‌లో బొమ్మలు బోలెడున్నాయి. పక్కపక్కన రెండు రాగి పట్టాలు, వాటి మధ్య ఇరుక్కుని జారే ఒక అల్యూమినియం ముక్క. కరెంటు ఒక పట్టాలో వెళ్లి, ఆ ముక్క గుండా దాటి, రెండో పట్టాలో తిరిగి వస్తుంది. ఆ కరెంటే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, ఆ క్షేత్రం ముక్కను ముందుకు తోస్తుంది. ముక్క ముందు గుండు ఉంటుంది. 1922లోనే ఫోషోన్-విల్‌ప్లే అనే ఫ్రెంచి ఆయన దీనికి అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు.

మన ఇంటర్ పుస్తకం ఈ తోపును క్షేత్రం, కరెంటు, తీగ పొడవుల లబ్ధంగా చెప్పి వదిలేస్తుంది. పరీక్ష హాల్లో పిల్లలు ఎడమ చేతి మూడు వేళ్లు చాచి, మణికట్టు మెలితిప్పుకుంటూ దిక్కు వెతుక్కుంటారు. క్షేత్రం ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు, లెక్కలో ఇచ్చేస్తారు కాబట్టి. రైల్‌గన్‌లో క్షేత్రాన్ని ఇచ్చేదీ ఆ కరెంటే, దాని తోపు తినేదీ ఆ కరెంటే. కాబట్టి కరెంటు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. తోపు = సగం × మీటరు పట్టాకు ఇండక్టెన్స్ × కరెంటు వర్గం. ఇండక్టెన్స్ అంటే కరెంటు ఎంత క్షేత్రాన్ని పుట్టిస్తుందో చెప్పే కొలత. మామూలు పట్టాలకు ఆ ఇండక్టెన్స్ మీటరుకు సుమారు అర మైక్రోహెన్రీ. ఇక లెక్క వేయండి. 1,000 ఆంపియర్లు పంపితే వచ్చే తోపు పావు న్యూటన్, అంటే 25 గ్రాముల బరువంత. వెయ్యి ఆంపియర్లకు! ఇళ్లలో ఆరో పదో ఆంపియర్లకు ఎంసీబీ పడిపోతుంది, ఇక్కడ వెయ్యి పంపినా చిన్న బిస్కెట్ ప్యాకెట్ ఎత్తేంత బలం కూడా రాదు. పది లక్షల ఆంపియర్లు పంపితే 25 టన్నులు వస్తుంది.

ఇప్పుడు ట్యాంకు. 5 కిలోల గుండును సెకనుకు 2 కిలోమీటర్ల వేగంతో 6 మీటర్ల గొట్టం నుంచి వదలాలనుకుందాం. గుండు శక్తి 10 మెగాజౌళ్లు. కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే 2.8 యూనిట్లు. అంతే! ఇంట్లో ఏసీ రెండు మూడు గంటలు నడిస్తే అయ్యే ఖర్చు. కానీ గుండు ఆ గొట్టంలో ఉండేది 6 మిల్లీసెకన్లు. రెండు యూనిట్ల చిల్లరను అంతలో అందించాలంటే 1,600 మెగావాట్లకు పైగా కావాలి. ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో వేల ఎకరాల్లో పరుచుకున్న కర్నూలు సోలార్ పార్కు మొత్తం సామర్థ్యం 1,000 మెగావాట్లు. మిట్టమధ్యాహ్నం ఆ పార్కు మొత్తాన్నీ తీసుకొచ్చి ఈ ఒక్క ట్యాంకు వెనక తగిలించినా సరిపోదన్నమాట. శక్తి చూస్తే పిడికెడు, సామర్థ్యం, అంటే ఆ శక్తిని అందించే జోరు, చూస్తే కొండంత. రైల్‌గన్ కష్టాలన్నీ ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే పుట్టాయి.

డ్రిప్పు రాకముందు అనంతపురం పల్లెల్లో చీనీ తోటకు నీళ్లు కట్టినవాళ్లకు ఈ ఖాళీ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. బోరులో ముప్పాతిక ఇంచు నీళ్లు వస్తాయి. ఆ సన్నధారను నేరుగా కాలువలోకి వదిలితే నాలుగు చెట్లు దాటకముందే ఇంకిపోతుంది. రాత్రంతా మోటారు ఆడినా చివరి చెట్టుకు చుక్క అందదు. అందుకే తొట్టి కట్టుకుంటారు. రాత్రి కరెంటు ఉన్నంతసేపూ బోరు నీళ్లు తొట్టిలో పడతాయి. తెల్లారి అడుగున ఉన్న బిరడా లాగితే నీళ్లు ఒక్కసారిగా కాలువ నిండా పారి, నేల పీల్చుకునేలోపే చివరి మడి దాకా పరుగెత్తుతాయి. నీళ్లు అవే, కొత్తగా ఒక్క బిందె కూడా చేరలేదు. పారే జోరు మారింది, అంతే.

రైల్‌గన్‌లో బోరు స్థానంలో ఇంజను, తొట్టి స్థానంలో కరెంటు శక్తిని నింపి ఉంచే కెపాసిటర్లు, బిరడా స్థానంలో స్విచ్చి, కాలువ స్థానంలో పట్టాలు. ఇంకిపోవడానికి సమానం వేడి. ఇక్కడ తెలివైన కుర్రాడు ఎవడో అడ్డం తగులుతాడు: వేడి కూడా కరెంటు వర్గంతోనే పెరుగుతుంది కదా, మరి జోరు పెంచితే లాభమేంటి? మంచి ప్రశ్న. కరెంటు రెట్టింపైతే తోపు నాలుగింతలు, గుండు వేగం రెండింతలు, గొట్టంలో గడిపే సమయం సగం. వేడి సెకనుకు నాలుగింతలైనా సగం సేపే ఉంటుంది కాబట్టి మొత్తం రెండింతలే అవుతుంది. గుండుకు అందిన శక్తి నాలుగింతలైంది. అంటే ఇంకిపోయే వాటా సగానికి తగ్గింది. తొట్టి రైతు లెక్కా ఇదే. ఒకే తొట్టి అయితే బిరడా లాగగానే ఉరికి, తర్వాత నీరసిస్తుంది. అలా కాకుండా ఉండాలంటే తొట్లు నాలుగైదు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి తెరవాలి. రైల్‌గన్ ఇంజనీర్లు చేసేదీ అదే. కెపాసిటర్లను బ్యాంకులుగా విడదీసి, మిల్లీసెకన్ల తేడాతో వదులుతూ, గుండు గొట్టం దాటేదాకా కరెంటు పడిపోకుండా కాస్తారు. మన లెక్కలోని గుండుకు ఆ ఆరు మిల్లీసెకన్లూ సుమారు 26 లక్షల ఆంపియర్లు నిలబడాలి.

ఇప్పుడు సీజ్ మోడ్ అర్థమవుతుంది. పెద్ద యుద్ధట్యాంకు ఇంజను 1,500 హార్స్‌పవర్, అంటే 1.1 మెగావాట్లు. అదే మన ముప్పాతిక ఇంచు బోరు. తొట్టిలోని శక్తిలో మూడో వంతే గుండుకు చేరుతుందనుకుంటే, ఒక్క షాటుకు 30 మెగాజౌళ్లు నింపాలి. ఇంజను మొత్తం బలం దానికే పెట్టినా దాదాపు 27 సెకన్లు పడుతుంది. ఈలోగా బండిని గుట్ట ఎక్కించాలంటే తొట్టిలోకి పోయే ధారను పక్క మడికి మళ్లించినట్టే. పరుగెత్తుతావా, కాలుస్తావా తేల్చుకో అని ఆట అడగడం అందుకే సబబు. నిజం ట్యాంకూ అదే అడుగుతుంది, ఇంకా కటువుగా.

ఆట దాచిపెట్టింది తొట్టిని. పల్స్ కెపాసిటర్లలో మంచివి ఘనమీటరుకు ఒకటి రెండు మెగాజౌళ్లు పట్టుకుంటాయి. 30 మెగాజౌళ్లకు 15 నుంచి 30 ఘనమీటర్ల చోటు కావాలి. వేసవిలో ఊళ్లకు తిరిగే 5,000 లీటర్ల వాటర్ ట్యాంకర్లు మూడు నుంచి ఆరు దాకా అన్నమాట. అవన్నీ ఆ పొట్టి బండిలో ఎక్కడ పట్టాయో ఆట తయారుచేసినవాళ్లకే తెలియాలి. పోనీ బ్యాటరీలు పెడదామంటే, వాటిలో శక్తి ఎక్కువ పడుతుంది కానీ మిల్లీసెకన్లలో బయటికి రాదు. అవి పెద్ద బోర్లే తప్ప తొట్లు కావు.

అసలు నవ్వొచ్చేది మందుగుండుతో పోల్చినప్పుడు. 120 మిల్లీమీటర్ల ట్యాంకు ఫిరంగిలో ఒక్క షాటుకు 8 కిలోల దాకా మందు ఉంటుంది, కిలోకు నాలుగైదు మెగాజౌళ్లు. అంటే ఆ ఆరు ట్యాంకర్ల సరుకు రెండు చేతులతో ఎత్తి ఫిరంగిలో పెట్టేంత తూటాలో ఇమిడిపోయింది! పైగా నింపడమూ వదలడమూ రెండూ అదే చేసుకుంటుంది. ఇంత సుఖం ఉండగా కరెంటు వెంట పడటం దేనికంటే, మందు కాలి పుట్టే వాయువు తాను వ్యాపించే వేగాన్ని మించి గుండును తోయలేదు. ట్యాంకు ఫిరంగులు సెకనుకు 1,700, 1,800 మీటర్ల దగ్గర ఆగిపోవడం అందుకే. పట్టాల మీద క్షేత్రానికి ఆ అడ్డు లేదు. 1970లలో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో 3 గ్రాముల ప్లాస్టిక్ ముక్కను సెకనుకు 5.9 కిలోమీటర్లకు తోశారు. వాళ్ల తొట్టి కెపాసిటర్ కాదు, గిరగిరా తిరిగే భారీ ఉక్కు చక్రాలు. మార్క్ ఒలిఫంట్ అనే భౌతికశాస్త్రవేత్త కట్టించిన ఆ జనరేటర్ 500 మెగాజౌళ్లు దాచుకునేది.

ఓర్వకల్లు ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. అక్కడ డ్రోన్‌ను కూల్చిన లేజర్ 30 కిలోవాట్లది. దానికి తొట్టి అక్కర్లేదు. అది డ్రిప్పు పద్ధతి. ఒకే చోట సెకన్ల తరబడి ధార పెట్టి మెల్లగా కాలుస్తుంది. కరెంటులో సగానికి పైగా వేడిగా పోయినా, అవసరమయ్యేది ట్యాంకు ఇంజను బలంలో పదోవంతు. అందువల్ల ట్యాంకుల మీదికి ముందు లేజర్లు వస్తాయి, రైల్‌గన్ చాలా వెనక వస్తుంది, అసలు వస్తే. కాకపోతే లేజర్‌తో డ్రోన్ రెక్క కాలుతుంది కానీ ఎదుటి ట్యాంకు కవచానికి సెగ కూడా తగలదు. ఆటకు కావలసిన ధడేల్ శబ్దమూ ఉండదు.

ఇక కాలువ గట్ల సంగతి. తొట్టి నీళ్లు ఉరికితే గట్లు తెగుతాయి కదా, ఇక్కడా అంతే. ఎదురెదురు దిశల్లో కరెంటు పారే రెండు తీగలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. 2019 దాకా ఆంపియర్ నిర్వచనమే ఈ బలం మీద ఉండేది. మన పట్టాలను 10 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న తీగలనుకుని పది లక్షల ఆంపియర్లు వేసి చూడండి: మీటరుకు 200 టన్నులు! గుండును తోసేది 25 టన్నులు, గొట్టాన్ని చీల్చేది ప్రతి మీటరుకూ 200. నిజం పట్టాలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి ఇది కాస్త తగ్గుతుంది, కానీ గొట్టం చుట్టూ బలమైన ఫైబర్ చుట్టలు బిగించకపోతే గండి ఖాయం.

అల్యూమినియం ముక్క పరిస్థితి మరీ ఘోరం. అది పరుగెత్తే కొద్దీ కరెంటుకు రాగి లోపలికి దిగే తీరిక దొరకదు. పట్టా పైపొరలోనూ ముక్క వెనక అంచులోనూ గుమిగూడుతుంది. ఆ అంచు కరిగి పలచని ద్రవపు పొరగా మారుతుంది. కాసేపు ఆ పొర కందెనలా పనికొస్తుంది, తర్వాత తెగిపోయి నిప్పులు చిమ్ముతుంది. మందుగుండు లేని ఫిరంగి మూతి నుంచి అంత మంట ఎందుకొస్తుందని వీడియోలు చూసి చాలామంది అడుగుతారు. ఆ మంట కాలుతున్న అల్యూమినియం, చిరిగిన రాగి పొర, వేడెక్కిన గాలి. మామూలు పిడుగులో పారేది సుమారు 30,000 ఆంపియర్లు. ఈ రాగి మీద ఒక్కో షాటుకు దానికి ఎనభై రెట్లు పైన పారుతుంది. పిడుగు పడిన రాగి చెంబు బియ్యాన్ని లాగుతుందని, దాన్ని కోట్లకు అమ్మొచ్చని 'రైస్ పుల్లర్' పేరుతో మన జిల్లాల్లో లక్షలు గుంజే మాయగాళ్లు ఉన్నారు. రైల్‌గన్ పట్టా కంటే ఎక్కువ 'పిడుగులు' తిన్న రాగి భూమ్మీద లేదు. అది బయటికొచ్చాక గీతలు పడి, గుంటలు పడి, తుక్కుగా మిగులుతుంది. ఒక్క గింజను కూడా లాగదు.

ఈ నిప్పురవ్వ గురించే ఇంకొకటి చెప్పాలి. 1903లో నార్వేలో క్రిస్టియన్ బిర్క్‌లాండ్ అనే శాస్త్రవేత్త విద్యుత్ ఫిరంగిని జనం ముందు ప్రదర్శించాడు. పట్టాల రకం కాదు, తీగచుట్టల రకం. స్విచ్చి వేయగానే షార్ట్ సర్క్యూట్ అయి పెద్ద మంట లేచింది, జనం పారిపోయారు. ఆయన ఆ మంటతోనే గాలిలోని నత్రజనిని పట్టవచ్చని కనిపెట్టి, సామ్ ఐడే అనే ఇంజనీరుతో కలిసి నైట్రేట్ ఎరువు తయారీ మొదలుపెట్టాడు. 1905లో నార్స్క్ హైడ్రో కంపెనీ అలా పుట్టింది.

ఫిరంగి వైపు పట్టు వదలనివాళ్లు ఓడల దగ్గరికి చేరారు. ఓడలో తొట్టికి చోటుంది, బోరూ పెద్దది. అమెరికా జుమ్‌వాల్ట్ తరగతి ఓడల్లో 78 మెగావాట్లు పుడతాయి, మన 30 మెగాజౌళ్ల తొట్టి అర సెకను లోపే నిండుతుంది. 2010 డిసెంబరులో అమెరికా నౌకాదళం వర్జీనియాలోని డాల్‌గ్రెన్‌లో 33 మెగాజౌళ్ల షాటు పేల్చింది. తర్వాత పట్టాల అరుగుదలతో చాలా ఏళ్లు కుస్తీ పట్టి 2021లో ఆ పని ఆపేసింది. జపాన్ తెలివిగా చిన్నది ఎంచుకుంది, 40 మిల్లీమీటర్ల గొట్టం. 2023 అక్టోబరులో సముద్రం మీద ఓడ నుంచి కాల్చి చూపించింది. కావలసిన శక్తి తక్కువ కాబట్టి తొట్టీ చిన్నదే. అయినా కరెంటు సరంజామా డెక్కు మీద కంటైనర్లలో పెట్టుకోవలసి వచ్చింది.