విదేశీ పురుగు మొండిది కాబట్టి మందు పెంచాలా? మిరప రైతులకు ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ

ఆలూరు వైపు మిరప చేలకు ఎప్పుడు వెళ్లినా ఒకటే మాట. "ఇది మన పురుగు కాదమ్మా, బయటి దేశంది, మొండిది, మామూలు మందుకు చావదు." నల్ల తామర పురుగు గురించే. ఆ మాట వెనకాలే డ్రమ్ములో మూడు నాలుగు మందులు కలుస్తాయి, మూడు రోజులకోసారి కొడతారు, చివరికి మిగిలేది అప్పు. బయటి నుంచి వచ్చిన పురుగుల్లో కొన్నే ఎందుకు ఇలా విజృంభిస్తాయన్నదే నా పీహెచ్‌డీ. అందుకే గట్టిగా చెప్తున్నా, ఈ పురుగు పెరగడానికి సగం దారి మన మందులే వేస్తున్నాయి.

పుట్టిన చోట దాన్ని తినేవి ఉంటాయి, అవి దానితో పాటు ఇక్కడికి రావు. ఇక్కడున్న కాసిన్ని మిత్ర పురుగులను మనం చంపుకుంటున్నాం. అది గుడ్డు పెట్టేది లేత ఆకు లోపల, ప్యూపా, అంటే పిల్ల పురుగు పెద్దదయ్యే ముందు దశ, ఎక్కువగా మట్టిలో, పెద్దవి పూల మడతల్లో. పైన కొట్టిన మందు అక్కడిదాకా సరిగా పోదు, ఆకుల మీద తిరిగే మిత్ర పురుగులకు మాత్రం బాగా తగులుతుంది. రెండు వారాలు తిరిగేసరికి మళ్లీ కొత్త తరం.

బొప్పాయి పిండినల్లి గుర్తుందా? మెక్సికో వైపు పురుగు, 2008లో కోయంబత్తూరులో బయటపడింది. ఎన్ని మందులు కొట్టినా లొంగనిది, 2010లో ప్యూర్టోరికో నుంచి దాని శత్రువైన బుల్లి కందిరీగను తెప్పించి వదిలితే నెలల్లోనే అదుపులోకి వచ్చింది.

2021లో పూత రాలిపోయి తోటలు పీకేసిన వాళ్లను దగ్గరుండి చూశాను. ఆ భయం అంత తేలిగ్గా పోదు, వాళ్లను ఒక్క మాట అనను. మొన్న ఒక పెద్దాయన చేలో పువ్వు తెంపి తెల్ల కాగితం మీద దులిపాను. నువ్వుగింజ కన్నా చిన్నవి, నల్లవి, పదకొండు పరుగెత్తాయి. వాటి మధ్య కాస్త లావుగా ఒక నల్లి, ఒక పిల్ల తామర పురుగులోకి ముక్కు గుచ్చి కదలకుండా నిలబడి ఉంది. "ఇదేం కొత్త పీడమ్మా?" అన్నాడాయన. అది ఓరియస్, తామర పురుగులే దాని తిండి. పొద్దున్నే కొట్టడానికి ఆయన తెచ్చి పెట్టుకున్న మందుకు ముందు చచ్చేది అదే.

విత్తనంతో వచ్చిందంటారు, ఎండు విత్తనంలో ఇది బతకదు, నారుతోనో పచ్చి మొక్కలతోనో వస్తుంది. ఎవరో కావాలని వదిలారన్న వాట్సాప్ మెసేజ్‌లు దయచేసి ఆపండి. ఆగ్నేయాసియా పురుగిది, 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద కనబడింది, ఆరేళ్లు చడీచప్పుడు లేకుండా ఉండి మిరప మీద పడింది, ఇలా ఆగి ఆగి విజృంభించడం మా సబ్జెక్టులో చాలాసార్లు చూసేదే. ఇక బయటి నుంచి వచ్చిన ప్రతి పురుగూ పంట తినేస్తుందని టెన్షన్ పడొద్దు, చాలావరకు ఇక్కడ నిలదొక్కుకోలేకే పోతాయి.

యూరియా తగ్గించండి, నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి, వేపనూనె వాడండి, మిత్ర పురుగులను కూడా చంపేసే సింథటిక్ పైరెథ్రాయిడ్ రకం రసాయన మందుల జోలికి పోవద్దు. మందుల అంగడికి బయల్దేరే ముందు పది పూలు కాగితం మీద దులిపి ఫొటో తీయండి. అందులో ఏది ఏదో తెలియకపోతే నాకు పంపండి, రాత్రి పది దాటినా చూసి చెప్తాను.