సామర్థ్యం అంటే ఏ సామర్థ్యం?

భౌతికశాస్త్రం పాఠంలో వాట్లలో కొలిచేది సామర్థ్యం. పేపర్లో ‘ప్లాంటు సామర్థ్యం 800 మెగావాట్లు’ అని రాస్తే అది ఆ ప్లాంటు గరిష్ఠంగా ఇవ్వగలిగేది. ‘ఇంధన సామర్థ్యం పెంచాలి’ అన్నప్పుడు అదే మాట దక్షత (పెట్టిన శక్తిలో పనికొచ్చే వాటా) అయి కూర్చుంటుంది. చదివే మనిషి సందర్భాన్ని బట్టి సర్దుకుంటాడు. కంప్యూటరుకు ఆ తెలివి లేదు. రెండు పట్టికల్లో కాలమ్ పేరు ఒకటే ఉంటే చాలు, కలిపేస్తుంది.

ఇంగ్లిష్ పట్టికల్లోనూ ఇదే గొడవ. ఒక సోలార్ ప్లాంటులో ప్యానెళ్ల మీద రాసిన వాట్లన్నీ కూడితే 130 మెగావాట్లు (డీసీ), ఇన్వర్టర్లు గ్రిడ్‌కు ఇవ్వగలిగేది 100 (ఏసీ) అనుకుందాం. రెండింటినీ ‘కెపాసిటీ’ అనే రాస్తారు. ఏడాదికి 22 కోట్ల యూనిట్లు వచ్చాయంటే, 100తో లెక్కేసిన వాళ్లకు వినియోగ శాతం (ఏడాదంతా పూర్తిగా నడిస్తే వచ్చేదానిలో నిజంగా వచ్చిన వాటా) 25, 130తో లెక్కేసిన వాళ్లకు 19. ప్లాంటూ అదే, ఎండా అదే.

‘ప్రాథమిక శక్తి’, అంటే విద్యుత్తు వంటి రూపాల్లోకి మారకముందు మూల వనరులో ఉన్న శక్తి, ఇంకా చిక్కు. అంతర్జాతీయ ఇంధన సంస్థ పద్ధతిలో అణు విద్యుత్తుకు 33 శాతం దక్షత అనుకుని వెనక్కి లెక్కిస్తారు, కాబట్టి ఒక యూనిట్ విద్యుత్తు మూడు యూనిట్ల ప్రాథమిక శక్తి అవుతుంది. గాలి విద్యుత్తు మాత్రం ఒకటికి ఒకటే. ఇంకో పద్ధతిలో, ఆ యూనిట్‌ను థర్మల్ కేంద్రం ఇవ్వాల్సి వస్తే ఎంత ఇంధనం మండేదో చూస్తారు; దక్షత 40 శాతం అనుకుంటే గాలి లెక్క రెండున్నర రెట్లవుతుంది.

ఈ చిక్కులు విప్పడానికే జర్మనీలోని శక్తి వ్యవస్థల పరిశోధకులు ‘ఓపెన్ ఎనర్జీ ఆంటాలజీ’ మొదలుపెట్టారు. ఆంటాలజీ అంటే భావనల నిర్వచనాలనూ వాటి మధ్య సంబంధాలనూ కంప్యూటరుకు కూడా అర్థమయ్యేలా రాసిన పదకోశం. ఇందులో ప్రతి భావనకూ 8 అంకెల సంఖ్య ఉంటుంది. పేరు మార్చినా సంఖ్య మారదు. నిర్వచనాలన్నీ ఒకే మూసలో నడుస్తాయి: ముందు ఏ జాతిదో, తర్వాత ఆ జాతిలో దీని ప్రత్యేకత ఏమిటో. గాలిమర అంటే శక్తిని మార్చే యంత్రం, గాలి కదలికను విద్యుత్తుగా మార్చేది. జాతి గురించి చెప్పిందంతా గాలిమరకూ వర్తిస్తుంది.

వీటన్నిటికీ పైన ‘బేసిక్ ఫార్మల్ ఆంటాలజీ’ అనే చట్రం ఉంది. అది వస్తువు వేరు, ప్రక్రియ వేరు అని గీత గీస్తుంది. మన ‘ఉత్పత్తి’ అనే మాట తయారుచేసే పనికీ, తయారైన సరుకుకూ చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. ఒకే పదాన్ని రెండు చోట్లా పెడితే తర్క పరిశీలన ప్రోగ్రాం వెంటనే పట్టేస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇందులోని ‘పాత్ర’ అనే భావన. చెరకు పిప్పి కాగితం మిల్లుకు వెళ్తే ముడిసరుకు, బాయిలర్‌లోకి వెళ్తే ఇంధనం. పిప్పి మారలేదు, పాత్ర మారింది.

వాడుకలో పని ఇలా సాగుతుంది. పట్టికతో పాటు ఒక వివరాల ఫైలు పెడతారు. అందులో ప్రతి కాలమ్‌కూ పేరు, కొలమానం, వివరణ, ఆంటాలజీ పదం లింకు రాస్తారు. లింకు పెట్టేముందు నిర్వచనం పూర్తిగా చదవాలి. పేరు కలిసింది కదా అని తగిలించేయడం దగ్గరే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. పదం లింకు ఒక్కటే ఉంటే కొలమానాలు వాటంతటవి మారవు. సమయమూ అంతే: మన మధ్యాహ్నం 12 గంటలు అంతర్జాతీయ కాలమానంలో ఉదయం 6:30. ఏ కాలమానమో రాయకపోతే సోలార్ ఉత్పత్తి తెల్లవారగానే శిఖరానికి చేరినట్టు కనిపిస్తుంది.

పాత పట్టికల్లో 130 ఏసీనో డీసీనో రాసి ఉండదు. ఊహించి ఒకటి తగిలించకండి. ఏసీ, డీసీ అని విడదీయని పై జాతి పదం లింకు పెట్టి, వివరణ గడిలో ‘ఏసీనో డీసీనో తెలియదు’ అని రాయండి.