నర్సింగ్ చదువు అక్కర్లేదన్నారు, బరువు కొలత మాత్రం ఉంచారు

ఎయిర్‌హోస్టెస్‌ల బరువు, వయసు మీద గొడవ మళ్లీ మొదలైంది. ఎమర్జెన్సీలో పనిచేయాలంటే ఫిట్‌నెస్ ఉండాలి కదా అని కంపెనీల తరఫున అంటున్నారు. నిజమే, ఉండాలి. కానీ ఈ కొలతలు ఫిట్‌నెస్ కోసం పుట్టినవేనా?

1930 మేలో ఎలెన్ చర్చ్ అనే నర్సు అమెరికాలోని ఓక్లాండ్ నుంచి షికాగో వెళ్లే విమానంలో తొలి ఎయిర్‌హోస్టెస్‌గా పనిచేసిన సంగతి చాలాచోట్ల రాశారు, మళ్లీ చెప్పను. ఆమెకు విమానం నడపడం వచ్చు. కానీ ఆడవాళ్లకు పైలట్ ఉద్యోగం ఇచ్చే రోజులు కావవి. అందుకే నర్సుల్ని పెట్టుకుంటే ప్రయాణికులకు భయం తగ్గుతుందని బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ అనే విమాన కంపెనీ వాళ్లకు చెప్పింది. మూడు నెలలు చూద్దామని ఎనిమిదిమంది నర్సుల్ని తీసుకున్నారు. సామాను మోయడం, సీట్ల బోల్టులు బిగించడం, అవసరమైతే విమానాన్ని షెడ్డులోకి నెట్టడం కూడా వాళ్ల పనే. పాతికేళ్లు దాటకూడదు, పెళ్లి కాకూడదు, బరువు 115 పౌండ్లు, అంటే 52 కిలోలు మించకూడదు. అప్పటివి చిన్న విమానాలు కాబట్టి బరువు సంగతి ఒప్పుకుందాం, మరి పెళ్లితో విమానానికేం పని?

నా దృష్టిలో అసలు మలుపు 1942 ప్రాంతంలో వచ్చింది. అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది, నర్సులు సైన్యానికి కావాల్సి వచ్చారు, చర్చ్ కూడా ఫ్లైట్ నర్సుగా వెళ్లి ఎయిర్ మెడల్ అందుకుంది. దాంతో కంపెనీలు నర్సింగ్ చదువు అక్కర్లేదన్నాయి. ప్రయాణికుడి ప్రాణానికి పనికొచ్చే ఒక్క షరతూ అలా పోయింది, పెళ్లి, వయసు, బరువు షరతులు మాత్రం విమానాలు పెద్దవయ్యాక కూడా పోలేదు. పైగా 1953లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ కొత్తగా చేరేవాళ్లు 32 ఏళ్లకే దిగిపోవాలని రూల్ పెట్టింది.

మన ఎయిరిండియాలో 35 ఏళ్లు నిండినా, చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకున్నా, మొదటిసారి గర్భం వచ్చినా ఉద్యోగం పోయేది. అదే విమానంలో తిరిగే మగ పర్సర్లకు, అంటే క్యాబిన్ సిబ్బందికి, 58 ఏళ్ల దాకా ఉండేది. నర్గేష్ మీర్జా అనే ఎయిర్‌హోస్టెస్ కేసులో 1981లో సుప్రీంకోర్టు గర్భం షరతును కొట్టేసింది, అది భారత స్త్రీత్వానికి బహిరంగ అవమానమంది. అదే తీర్పులో, మగవాళ్లది వేరే కేడర్, అంటే వేరే ఉద్యోగ వర్గం అంది, నాలుగేళ్ల పెళ్లి షరతు సమంజసమేనంది.