ఎల్డర్‌బెర్రీ: పేరు పాతది, పరీక్షలు కొత్తవి

కరోనా ప్రబలిన 2020లో అమెరికాలో మూలికా ఉత్పత్తుల అమ్మకాల్లో, ఎల్డర్ చెట్టుకు కాసే ముదురు రంగు చిన్న పండైన ఎల్డర్‌బెర్రీ ముందు వరుసకు వచ్చింది. సిరప్, గమ్మీ, బిళ్ల, ఏ రూపంలో ఉన్నా చెప్పే మాట ఒకటే: రోగనిరోధక శక్తి పెరుగుతుంది, ఫ్లూ తొందరగా తగ్గుతుంది. ఈ మాటకు వేల ఏళ్ల చరిత్ర ఉందని కూడా చెబుతుంటారు. చరిత్ర ఉన్నమాట నిజమే. అయితే ఆ చరిత్ర చెప్పేది వేరు.

మొదటి శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయాస్కోరిడిస్ ఈ మొక్కను ప్రధానంగా కఫం, పిత్తం వెళ్లగొట్టడానికి, ఒంట్లో చేరిన నీరు తగ్గడానికి వాడమన్నాడు. పండును తలకు పూస్తే జుట్టు నల్లబడుతుందనీ రాశాడు. 1631లో జర్మన్ వైద్యుడు మార్టిన్ బ్లాక్‌విచ్ ఈ ఒక్క మొక్క మీదే రాసిన పుస్తకం వెలువడింది; అది ఈ మొక్కను సర్వరోగ నివారిణి స్థాయికి తీసుకెళ్లింది. పండు రంగు ఎంత చిక్కనిదంటే, 18వ శతాబ్దంలో పోర్చుగల్‌లో పోర్ట్ వైన్‌ను కల్తీ చేయడానికి దాన్నే వాడేవారు. ఆ కల్తీని ఆపాలని అప్పటి పాలనాధినేత పోంబాల్ ప్రభువు, ఆ వైన్ తయారయ్యే డోరో లోయలోని ఎల్డర్ చెట్లను పీకించేశాడు.

ఆ రంగుకు కారణం ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు. ఈ పండులో ముఖ్యమైనవి సయనిడిన్-3-గ్లూకోసైడ్, సయనిడిన్-3-సాంబుబయోసైడ్. వీటితోపాటు రూటిన్, క్వెర్సెటిన్, క్లోరోజెనిక్ ఆమ్లం, కొంత విటమిన్ సి ఉంటాయి. ప్రయోగశాలలో ఇవన్నీ మంచి యాంటీఆక్సిడెంట్లే. కానీ మనం తిన్న ఆంథోసయనిన్లలో చెక్కుచెదరకుండా రక్తంలోకి చేరేది చాలా స్వల్పం. మిగతాదాన్ని పేగుల్లోని సూక్ష్మజీవులు విడగొట్టేస్తాయి. అందుకే పరీక్షనాళికలో వచ్చిన ఫలితాన్ని నేరుగా మనిషికి అన్వయించకూడదు.

అదే మొక్కలో సాంబునైగ్రిన్ కూడా ఉంది. ఆకులు, కాడలు, పచ్చి కాయలు, గింజల్లో ఉండే ఈ పదార్థం నుంచి సయనైడ్ విడుదలవుతుంది. 1983లో కాలిఫోర్నియాలో కొందరు ఉడికించని పండ్లను ఆకులు, కొమ్మలతో సహా పిండి రసం తాగారు. కాసేపటికే వికారం, వాంతులు మొదలయ్యాయి. ఎనిమిది మందిని హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. అందరూ కోలుకున్నారు. ఈ పండును బాగా ఉడికించాకే వాడాలనడానికి కారణం ఇదే.

ఫ్లూ సంగతికొస్తే, నేటి ప్రచారానికి మూలం 1995లో ప్రచురితమైన ఒక ఇజ్రాయెల్ అధ్యయనం. పూర్తిగా పాల్గొన్నది 27 మంది. సిరప్ రూపొందించిన శాస్త్రవేత్త కూడా ఆ పరిశోధక బృందంలో ఉన్నారు. అదే సిరప్‌తో నార్వేలో 60 మందిపై చేసి 2004లో ప్రచురించిన పరీక్షలో లక్షణాలు సగటున నాలుగు రోజులు ముందే తగ్గాయని తేలింది. ఈ రెంటికీ మధ్య, 2001లో, ఆ సిరప్‌లోని సారం మానవ రక్తకణాల నుంచి సైటోకైన్ల (రోగనిరోధక కణాలు పంపుకునే సంకేత పదార్థాల) ఉత్పత్తిని పెంచిందని మరో ప్రయోగం చూపింది. ‘ఇమ్యూనిటీ’ ప్రచారానికి అది బలమిచ్చింది. ఆస్ట్రేలియా నుంచి విదేశాలకు వెళ్లిన 312 మంది విమాన ప్రయాణికులపై జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ పండు సారం తీసుకున్నవారిలో జలుబు బారిన పడినవారి సంఖ్య చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. పడినవారికి మాత్రం తొందరగా నయమైంది.

2020లో ప్రచురితమైన అధ్యయనం కోసం అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు ఫ్లూ ఉన్నట్టు పరీక్షలో నిర్ధారణ అయినవారినే తీసుకున్నారు. 87 మంది ఫలితాలు లెక్కగడితే, ఎల్డర్‌బెర్రీ తీసుకున్నవారికి నయమవడానికి సగటున 5.3 రోజులు, ఉత్తుత్తి మందు తీసుకున్నవారికి 4.9 రోజులు పట్టింది. అంటే ప్రయోజనం కనిపించలేదు. ఇదీ చిన్న అధ్యయనమే. అయినా నాలుగు రోజుల లెక్కను అచ్చువేసే చోట ఈ లెక్క కూడా ఉండితీరాలి. ఒసెల్టమివిర్ లాంటి ఫ్లూ మందులు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే బాగా పనిచేస్తాయి. వృద్ధులు, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు సిరప్‌ను నమ్ముకుని ఆ రెండు రోజులూ పోగొట్టుకోకూడదు.