కుదించలేని చిప్‌లు

చిప్‌ల గురించి ఏ వార్త చూసినా నానోమీటర్ల లెక్కే. ఏడు, అయిదు, మూడు... అంకె తగ్గేకొద్దీ, అంటే చిప్‌లోని భాగాలు చిన్నవయ్యేకొద్దీ గొప్ప. కానీ విద్యుత్ కారు మోటారుకు కరెంటు అందించే చిప్‌ను అలా కుదిస్తే, వందల వోల్టులు తట్టుకోవాల్సిన పొర పల్చబడి తెగిపోతుంది. సెన్సర్ పంపే సన్నని సంకేతాన్ని పెంచే అనలాగ్ చిప్‌దీ దాదాపు ఇదే బాధ. అందులో ట్రాన్సిస్టర్లు, అంటే కరెంటును అదుపుచేసే బుల్లి భాగాలు, కవలల్లా ఒకే తీరున పనిచేయాలి. వాటిని చిన్నవి చేసేకొద్దీ కవలల మధ్య తేడాలు పెరుగుతాయి.

ప్రత్యేక చిప్‌ల తయారీదారులు నిలదొక్కుకున్నది ఇక్కడే. యంత్రాలు పాతవే, ఒడుపే అసలు ఆస్తి. ఆ ఒడుపు కోసమే 2022లో ఇంటెల్ అంతటి సంస్థ, ఇజ్రాయెల్‌లోని టవర్ సెమీకండక్టర్‌ను 540 కోట్ల డాలర్లకు కొనబోయింది. చైనా అనుమతి గడువులోగా రాలేదు. 2023 ఆగస్టులో ఇంటెల్ ఒప్పందం రద్దు చేసుకుని, టవర్‌కు 35.3 కోట్ల డాలర్లు చెల్లించింది. (కొనకుండానే అంత ఖర్చు!)

అలాగని పెద్దవాళ్లకు ఇక్కడ దారే లేదనుకోకండి. చిప్‌ను చిన్నది చేయలేకపోతే, చిప్‌లను చెక్కే గుండ్రని పలకను, అంటే వేఫర్‌ను పెద్దది చేయొచ్చు. 200 మిల్లీమీటర్ల వేఫర్ కంటే 300 మిల్లీమీటర్లదాని వైశాల్యం 2.25 రెట్లు, పనిమాత్రం అన్ని రెట్లు పెరగదు. అమెరికా చిప్ సంస్థ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2009లోనే టెక్సస్ రాష్ట్రంలోని రిచర్డ్‌సన్‌లో అనలాగ్ చిప్‌లకు 300 మిల్లీమీటర్ల ఫ్యాబ్ (చిప్‌ల కర్మాగారం) తెరిచింది. దివాలా తీసిన కిమోండా అనే మెమరీ కంపెనీ యంత్రాలను కొని మరీ! ఈ రంగంలో ఇంతకన్నా తెలివైన బేరం నాకు కనబడలేదు.

విద్యుత్ కార్ల చిప్‌లకు సిలికాన్ బదులు వాడే సిలికాన్ కార్బైడ్ దగ్గర మాత్రం పదార్థమే మొండికేస్తుంది. సిలికాన్‌ను 1414 డిగ్రీల దగ్గర కరిగించి, రెండు మీటర్ల స్ఫటికాన్నయినా పైకి లాగొచ్చు. కార్బైడ్‌ను 2000 డిగ్రీలు దాటించి ఆవిరి చేసి పేర్చాలి. గంటకు మిల్లీమీటరు కూడా పెరగదు. పైగా వజ్రానికి దగ్గర్లో ఉండే గట్టిదనం, కోయడమూ కష్టమే. ఇందులో ఆరితేరిన అమెరికా సంస్థ వుల్ఫ్‌స్పీడ్, పెద్దవాళ్ల ఎత్తునే తానూ వేసింది. 2022లో న్యూయార్క్ రాష్ట్రంలో 200 మిల్లీమీటర్ల (కార్బైడ్‌కు అప్పట్లో అదే పెద్దది) ఫ్యాబ్ తెరిచింది, అదీ భారీ అప్పులతో. ఇంతలో విద్యుత్ కార్ల గిరాకీ అనుకున్నంత పెరగలేదు, చైనా వేఫర్ల ధరలు పడిపోయాయి. 2025 జూన్‌లో వుల్ఫ్‌స్పీడ్ దివాలా రక్షణ (అప్పులవాళ్ల నుంచి కోర్టు అండ) కోరింది. అప్పిచ్చినవాళ్లకు వాటాలిచ్చి సెప్టెంబరులో బయటపడింది. ఇప్పుడు దాని ఆశంతా ఆ 200 మిల్లీమీటర్ల ఫ్యాబ్ మీదే.